కట్టుడు గడియారం

జనవరి 9

బామ్మర్దీ,

మేం క్షేమంగా ఇల్లు చేరాం. బస్సెక్కింది మొదలు దిగేదాకా నా భుజం మీద నిద్రపోయిన మీ అక్క, దిగగానే "వెధవ బస్సు, కన్ను మూతపడితే ఒట్టు" అంది. నా భుజం ఇంకా నొప్పిగానే ఉంది. మిగతా అంతా బాగుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. మా ఇంట్లో ఫోను మీ అక్కది. ఆవిడ నీతో మాట్లాడాక నాకు మిగిలేది "ఉంటా మరి" అన్న ఒక్క ముక్క. పైగా నువ్వూ నేనూ ఫోనులో మాట్లాడుకుంటే మూడో మాటకి పోట్లాటే. కాయితం మీదైతే నా వాక్యం పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. అన్నిటికంటే ముఖ్యం, నీకు బొమ్మలు గీసి చూపించాల్సిన పని పడింది.

సంగతేమిటంటే, మీ షోరూములో గాజుపెట్టెలో చూపించావే, నీలం డయలు, అంచు చుట్టూ సన్నటి గీతలు ఉన్న వాచీ, అది నేను చేస్తున్నాను. కొనడం కాదు, చేయడం. మీ మేనేజరు తెల్ల గ్లవ్సు తొడుక్కుని దాన్ని పసిపిల్లలా ఎత్తుకుని చూపిస్తుంటే నేను "ఇందులో ఏముంది, ఇది నేనూ చేస్తా" అన్నాను. ఆయన నవ్వాడు. పక్కన టైకి పిన్ను పెట్టుకున్నాయన, నీతోపాటు అమ్మేవాడు, ఆయనా నవ్వాడు. వాళ్లు నవ్వితే నాకేం? నువ్వూ నవ్వావు. అక్కడ పడింది పందెం.

నేను కట్టుడు పళ్లు చేసేవాణ్ణన్న సంగతి నువ్వు మర్చిపోయినట్టున్నావు. ఈ ఊళ్లో పెద్దవాళ్ల నవ్వుల్లో సగం నా బల్ల మీద పుట్టినవే. మైనంతో అచ్చు చేసి, సుద్దపిండిలో పాతి, మైనం కరగబెట్టి, ఆ ఖాళీలో లోహం పోసి, అరగదీసి మెరిపించడం నా రోజూ పని. అన్నంలో వెంట్రుక వస్తే కంచం తోసేసే మనిషి కూడా నేను చేసిన పళ్లు నోట్లో పెట్టుకుని, అవి ఉన్న సంగతే మర్చిపోతాడు. అలాంటి పని చేసేవాడికి చేతికి పెట్టుకునే బిళ్ల ఒక లెక్కా?

నువ్వు చేయాల్సిందల్లా దాని బొమ్మలున్న పుస్తకం ఒకటి పంపడం. అడ్డం ఎంత, మందం ఎంత, పట్టీ దూర్చే చెవుల మధ్య ఎడం ఎంత, అంతే. మీ షోరూము రహస్యాలేవీ నాకక్కర్లేదు.

ఎడమ చెయ్యి ఎలా ఉంది? కిందటేడు మా పెరటి మెట్ల మీద జారి విరగ్గొట్టుకున్నావు, ఎముక కాస్త వంకరగా అతుక్కుంది. అయినా పని చేస్తోంది కదా, అదే పదివేలు.

నీ బావ

తమ్ముడూ, నేను బస్సులో నిజంగానే నిద్రపోలేదు. ఇంకో సంగతి. ఎముకల డాక్టరు సెలవులో ఉన్నాడని మీ బావ తన రంపంతో తనే కోసి తీశాడు చూడు నీ చేతి పిండికట్టు, అది ఇంకా ఆ పళ్ల బల్ల మీదే ఉంది. పారేయమంటే "పిండి సంగతి నాకు చెప్పకు" అంటాడు. నువ్వైనా చెప్పు.
అక్క


జనవరి 21

బావగారికి నమస్కారం.

నవ్వినమాట నిజమే. మీరు అలా అన్నప్పుడు మా మేనేజరుగారి మొహం చూసి ఉంటే మీరూ నవ్వేవారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని ఫోనులో అక్కతో అన్నాను. మీకు చేరే ఉంటుంది.

పుస్తకం పంపుతున్నాను. అడిగినవాళ్లందరికీ ఇచ్చేదే. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. పై డబ్బా మీరు చేస్తారు, నాకు అనుమానం లేదు. లోపల తిరిగే మిషను మాత్రం మన వల్లయ్యేది కాదు. దాని చక్రాలు కనబడాలంటేనే కంటికి భూతద్దం బిగించుకోవాలి. రిపేరు షాపులవాళ్లు వాడే గట్టి మిషను విడిగా దొరుకుతుంది, అది కొనుక్కుని లోపల బిగించండి. దానివల్ల మీ పరువేం పోదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. డయలు మీద మా కంపెనీ పేరు గానీ గుర్తు గానీ వేయకండి. ఇంట్లో సరదాకి చేసుకునే వాచీ వేరు, పేరు పెట్టి చేసే వాచీ వేరు. రెండోది దొంగ సరుకు. ఇందులో హాస్యం లేదు.

ఇక్కడి సంగతి. మా మేనేజరుగారు ఏప్రిల్లో వేరే ఊరి షోరూముకి వెళ్లిపోతున్నారు. ఆ కుర్చీ నాకైనా రావాలి, మీరు చెప్పిన ఆ టైపిన్ను మనిషికైనా రావాలి. అమ్మకాల్లో ఇద్దరం ఉజ్జీలమే. కానీ మా దగ్గర ఒక నియమం ఉంది. అమ్మేవాళ్లందరూ ఎడమ చేతికి షోరూము వాచీ పెట్టుకోవాలి. కొనేవాడు ముందు మా చెయ్యి చూస్తాడు, ఆ తర్వాతే గాజుపెట్టె వైపు చూస్తాడు. నా ఎముక అతుక్కున్న తీరుకి ఏ వాచీ పెట్టినా ఒక పక్కకి ఒరిగి, జారి, మణికట్టు లోపలివైపుకి వెళ్లిపోతుంది. బిగిస్తే సాయంత్రానికి చెయ్యి పీకుతుంది. వాచీ చూపిస్తూ చూపిస్తూ నా వాచీని నేను సర్దుకుంటూ ఉంటాను. టైపిన్ను చెయ్యేమో ప్రకటనలో బొమ్మలా ఉంటుంది. మేనేజరుగారికి ఎముక సంగతి చెప్పలేదు. చెబితే లెక్కలోంచి తీసేస్తారేమోనని భయం. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ నెట్టుకొస్తున్నాను.

ఆ పిండికట్టు పారేయండి బావా. తలుచుకుంటేనే చెయ్యి లాగుతోంది.

మీ బావమరిది


ఫిబ్రవరి 17

బామ్మర్దీ,

పుస్తకం అందింది. మీ అక్క బొమ్మలన్నీ తిరగేసి "ఇంత పెట్టి కొన్నా అదే టైము చూపిస్తుందా" అని అడిగింది. అమ్మేవాడివి నువ్వు, నువ్వే చెప్పు.

నక్క వాత పెట్టుకుంది. మొదటి వాత మాడింది కూడా. డబ్బా మైనంలో ముద్దొచ్చేలా వచ్చింది. అంచు మీద గీతలన్నీ పళ్లు చెక్కే కత్తితోనే చెక్కాను. లోహం పోసి, పిండి పగలగొట్టి చూద్దును కదా, పట్టీ దూర్చే చెవుల్లో ఒకటి లేదు. అక్కడిదాకా పాకకముందే లోహం గడ్డకట్టేసింది. మీ అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని "పాపం" అంది. రెండోసారి దారి వెడల్పు చేసి పోశాను, ఈసారి చెవులన్నీ నిక్కబొడుచుకుని వచ్చాయి. పళ్ల ఫ్రేములకి వాడే తెల్ల లోహం అది. మొండి సరుకు, అరగదీస్తుంటే నా మోటారు మూలుగుతోంది. నీ మాట విని మిషను కొన్నాను. నీ మాట నేను వినడం ఇదే మొదలు, తారీకు గుర్తుపెట్టుకో.

ఇంత తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా. మా పళ్ల డాక్టరు కంప్యూటరుతో పళ్లు చెక్కే యంత్రం తెప్పించాడు. నోరు ఫొటో తీస్తే చాలు, అవతల పన్ను తయారు. వెళ్లి చూశాను. బాగానే చేస్తోంది, కాదనను. ఇప్పుడు నా దగ్గరికొచ్చేవి ఆ యంత్రానికి లొంగని నోళ్లు మాత్రమే. అరిగిన దవడలు, వంకర తిరిగిన దవడలు. పని తగ్గింది, కష్టం పెరిగింది. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం.

ఇప్పుడు నీకు రెండు పనులు. డయలు మీద అక్షరాలు దగ్గరగా ఫొటో తీసి పంపు. అంకెలు, మీ కంపెనీ పేరు, అన్నీ. పుస్తకంలో బొమ్మ చాలడం లేదు. రెండోది, నీ ఎడమ మణికట్టుకి పొద్దున లేవగానే ఒక దారం, సాయంత్రం పని దిగాక ఒక దారం చుట్టి, కలిసిన చోట ముడేసి, రెండూ కవర్లో పెట్టి పంపు. టైపిన్ను చెయ్యి ప్రకటనలో బొమ్మలా ఉంటే ఉండనీ, నీది వంకర జామకొమ్మ. జామకొమ్మ విలువ జామకొమ్మదే.

ఎందుకూ ఏమిటీ అని అడగకు. నోట్లో పెట్టేదాకా నేనెవరికీ అద్దం చూపించను, అది నా పద్ధతి. సగం చేసిన పళ్లు చూస్తే మనిషి బెదిరిపోతాడు.

నీ బావ


మార్చి 2

బావగారికి,

తమరి ఉత్తరం అందింది. అక్షరాల ఫొటోలు పంపడం కుదరదు.

ఎందుకో చెబుతాను. కిందటి వారం ఒకాయన వాచీ నడవడం లేదని మా దగ్గరికి తెచ్చాడు. మా కంపెనీ పేరు, మా గుర్తు, అన్నీ ఉన్నాయి. వెనక మూత తీసేసరికి లోపల చవక మిషను. ఆయనకి కన్నీళ్లు ఒక్కటే తక్కువ. ఎవరో తెలిసినవాళ్ల దగ్గరే కొన్నాడట. మేనేజరుగారు మమ్మల్నందర్నీ నిలబెట్టి, దొంగ వాచీలతో ఏ రకంగానైనా సంబంధం ఉన్నవాడు, వాడి చుట్టమైనా సరే, ఈ గుమ్మం ఎక్కడానికి వీల్లేదని చెప్పారు. ఆ రోజు సాయంత్రమే అక్క ఫోను చేసి "మీ బావ వాచీకి అప్పుడే బేరం వచ్చిందిరా" అని సంబరంగా చెప్పింది. ఫోను పెట్టేసి తమరి ఉత్తరం మళ్లీ చదివాను.

తమరు సరదాకి మొదలుపెట్టారనుకున్నాను. మిషను బయటిది, పైన డబ్బా తమరిది, ఇప్పుడు మా కంపెనీ అక్షరాలు కావాలి, బేరం కూడా కుదిరింది. ఇందులో మిగిలిందేమిటో చెప్పండి. ఆయన తెచ్చింది కూడా సరిగ్గా ఇలాంటిదే.

ఇక నా మణికట్టు సంగతి. ఎవరికీ చెప్పని బాధ తమరికి చెప్పుకున్నాను. దానికి తమరు జామకొమ్మ అన్నారు. పొద్దున ఎంత లావు, సాయంత్రం ఎంత లావు అని దారాలు చుట్టుకుని పంపాలా? అక్కడ అక్కా తమరూ వాటిని పక్కపక్కన పెట్టుకుని నవ్వుకోవడానికా? పంపను.

అక్కకి నా నమస్కారాలు చెప్పగలరు.

ఇట్లు,
తమరి బావమరిది


మార్చి 11

బామ్మర్దీ,

నీకు కోపం వస్తే మర్యాద పెరుగుతుందని మీ అక్క పెళ్లినాడే చెప్పింది. "తమరు" దాకా ఎక్కావు. ఇంకొక మెట్టెక్కితే సభకి అధ్యక్షుణ్ణి చేసేలా ఉన్నావు.

బేరం సంగతి విను. పళ్ల డాక్టరు నా బల్ల దగ్గరికి వచ్చి, దీన్ని చూసి, అమ్ముతావా అన్నాడు. అమ్మను అన్నాను. మీ అక్క ఆయన మాట విని, నా మాట వినకుండా నీకు ఫోను చెయ్యడానికి పరిగెత్తింది. ఆమెకి మంచి వార్త నోట్లో నిలవదు.

అక్షరాలు ఎందుకంటే, అవి పైకి ఉబ్బి ఉంటాయా, లోపలికి దిగి ఉంటాయా, పూత ఎంత మందం ఉంటుందో చూసి, నా అంకెలు అలాగే చేద్దామని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవడో ఎక్కడో దొంగ వాచీ అమ్మితే నువ్వు నా భుజాలు తడుముతున్నావు.

దొంగ సరుకు అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. నా బతుకంతా నకళ్లే చేశాను. పోయిన పన్ను ఎలా ఉండేదో అలాగే ఇంకొకటి చేసి పెట్టడమే నా పని. వాటిని ఎవరైనా దొంగ పళ్లంటారా? కట్టుడు పళ్లంటారు. వాటితో నములుతారు, నవ్వుతారు, నన్ను తిడతారు కూడా. ఎవరి నోటి కోసం చేశానో వాళ్ల నోట్లోనే అవి పళ్లు. ఇంకొకరి నోట్లో పెడితే రాళ్లు. నేను చేసే వాచీ కూడా ఆ జాతిదే. నువ్వు అనుకునే జాతిది కాదు.

దారాలు పంపకపోతే మానెయ్. కొలత ఇవ్వకుండా దవడ బిగించుకు కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను. అంచనాతో చేస్తాను. నా అంచనా తప్పదు, తప్పినా ఎంత తప్పుతుందో నాకు తెలుసు.

వాచీ పూర్తి కావొచ్చింది. ముళ్లు నీలం రంగు తేలడానికి సన్నటి మంట మీద కాల్చాను. మూడు జతలు నల్లబడ్డాయి, నాలుగోది కుదిరింది. చూస్తే నువ్వు నోరు మూస్తావు. అది చాలు నాకు.

నీ బావ

తమ్ముడూ, జామకొమ్మ అన్నందుకు నేనూ తిట్టాను. మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. త్వరగా తేల్చుకోండి.
అక్క


మార్చి 26

బావగారికి,

మీరు అమ్మలేదు. మీ మాట నమ్ముతున్నాను. కానీ పని నా చేతుల్లోంచి దాటిపోయింది.

నిన్న మీ పళ్ల డాక్టరు భార్యతో సహా మా షోరూముకి వచ్చాడు. మంచిమనిషే పాపం. నన్ను గుర్తుపట్టి, నా భుజం మీద చెయ్యేసి, మేనేజరుగారికీ టైపిన్నుకీ వినబడేలా "మీ బావ చేసిన వాచీ చూశాను, దీని పక్కన పెడితే తేడా తెలీదు" అని గాజుపెట్టె చూపించాడు. పొగడ్తే. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఎవరూ తిట్టలేదు. టైపిన్ను కళ్లు ఎంత పెద్దవయ్యాయో చెప్పలేను.

మేనేజరుగారు లోపలికి పిలిచారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆ వాచీ నేను చూడాలి. పేరు లేకపోతే మీ బావగారికి నమస్కారం. పేరుంటే మీకు నమస్కారం" అన్నారు. నేను సరేనన్నాను. ఇంకేమనను?

రాత్రి అక్కని అడిగితే, పొద్దస్తమానం మీరు వెనక మూత మీద సూదిలాంటి పనిముట్టుతో ఏవో అక్షరాలు చెక్కుతున్నారని చెప్పింది. ఏం అక్షరాలంటే "నన్ను చూడనిస్తే కదా, చేత్తో మూసేస్తాడు" అంది. బావా, ఏం చెక్కారు? మా కంపెనీవాళ్లు పేరు వేసేదీ అక్కడే. మీకు తెలుసు, ఆ పుస్తకం నేనే పంపాను.

ఇన్నేళ్ల నా ఉద్యోగం ఆ మూత మీద ఉంది. మీతో వాదించే ఓపిక లేదు. అది మా పేరైతే వాచీ పంపకండి, కరిగించెయ్యండి, కరిగించామని ఇక్కడ చెబుతాను. ఏం జరిగితే అది జరుగుతుంది. కాకపోతే వెంటనే పంపండి.

అద్దం చూపించను అని మాత్రం అనకండి.

మీ బావమరిది


మార్చి 30

బామ్మర్దీ,

దీనితోపాటే పెట్టె పంపుతున్నాను. కరిగించలేదు. పెట్టె విప్పకముందు ఈ ఉత్తరం చదువు. అద్దం చూపించాల్సిన టైమొచ్చింది కాబట్టి చూపిస్తున్నాను.

నీ జనవరి ఉత్తరంలో వాచీ ఒరిగిపోతోందని రాశావు. అప్పటిదాకా అది నా పందెం వాచీ. ఆ ఉత్తరం చదివాక నీ వాచీ అయిపోయింది. మీ అక్క పారేయమని పోరుతున్న పిండికట్టు రెండు ముక్కలూ కలిపి కట్టి, లోపల సబ్బునీళ్లు రాసి, పిండి కలిపి పోశాను. ఆరాక కట్టు విప్పితే నీ చెయ్యి వచ్చింది. మోచేతి దగ్గర్నుంచి అరచేతిదాకా, ఆ వంకరతో సహా. నా బల్ల మీద నిలబెట్టాను. మీ అక్క టీ పట్టుకొచ్చి దాన్ని చూసి, కప్పు అక్కడే పెట్టేసి, దాని మీద చెయ్యేసి కాసేపు నిలబడింది. నీకీ సంగతి చెప్పొద్దని ఒట్టేయించాను. ఆవిడ జన్మలో దాచిన రహస్యం ఇదొక్కటే. మూత మీద రాసిందేమిటో మాత్రం ఆవిడకీ చూపించలేదు, నోరు జారుతుందని.

కానీ కట్టు వేసినప్పుడు నీ చెయ్యి వాచి ఉంది, కింద దూది ఉంది. పన్ను పీకినప్పుడు చిగురు ఇలాగే ఉబ్బుతుంది, తర్వాత దిగుతుంది. ఎంత దిగుతుందో తెలియాలంటే కొలవాలి. అందుకే దారాలు అడిగాను. నువ్వు పంపలేదు. నోళ్లతో నాకున్న అలవాటుకొద్దీ అంచనా వేసి పిండిచెయ్యిని అరగదీశాను. దాని మీద పెట్టి డబ్బా వెనకవైపు మలిచాను. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన, నీ ఎముక ఎక్కడ లేచిందో అక్కడ గుంట. కిందివైపు చెవులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ముందు నుంచి చూస్తే మీ గాజుపెట్టెలోది. వెనక నుంచి చూస్తే నీది. యంత్రానికి నోరు చూపిస్తే పళ్లు చేస్తుంది, ఒప్పుకుంటాను. పాత పిండికట్టు చూపిస్తే ఇది చేస్తుందా?

డాక్టరు బేరమాడినప్పుడు అందుకే నవ్వొచ్చింది. ఆయన చేతికి పెడితే కుంటుకుంటూ నిలబడుతుంది.

డయలు మీద పేరు లేదు. పేరుండాల్సిన చోట నీలం తప్ప ఏమీ లేదు. వెనక చెక్కింది మాత్రం ఉంది, తుడిచే ప్రసక్తి లేదు. నా దగ్గర్నుంచి వెళ్లే ప్రతి పళ్ల సెట్టు మీదా ఎవరిదో, ఏ పక్కదో రాయందే గుమ్మం దాటనివ్వను. దీని మీదా అదే రాశాను. మీ మేనేజరుని భూతద్దం పెట్టుకుని చదువుకోమను.

దొంగ సరుకు అన్నందుకు బాధపడ్డాను. పడలేదని అబద్ధమాడను. కానీ నువ్వు మెట్ల మీద పడ్డ రోజు నీ మొహం నేను చూశాను. ఏడుపు ఆపుకుంటూ నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించావు. మా పెళ్లయిన కొత్తలో మీ అక్క వెనకాలే వచ్చి నా పనిముట్లన్నీ కెలికేవాడివి. నువ్వు నాకు బామ్మర్దివి అని కాయితం మీద రాస్తాను గానీ, లోపల అలా అనుకోవడం మానేసి చాలా కాలమైంది.

పెట్టెలో నీలం కాయితం ముక్కలు కొన్ని పెట్టాను. మొదటిసారికే కుదిరే సెట్టు ఇంతవరకూ ఏ పళ్ల మేస్త్రీ చేయలేదు. ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది. ఆ కాయితం మధ్యలో పెట్టి నొక్కితే, గుచ్చుకునే చోట నీలం మచ్చ పడుతుంది. ఆ మచ్చ చూసి నేను అరగదీస్తాను. దానికి మనిషి రావాలి. చేతిని పోస్టులో పంపలేవు.

నీ బావ


ఏప్రిల్ 8

బావా,

"గారు" తీసేశాను. కోపం లేదని మీకు తెలియడానికి.

పెట్టె విప్పకుండా మేనేజరుగారి బల్ల మీద పెట్టాను. ఆయనే విప్పారు. టైపిన్ను ఏదో పనున్నట్టు తలుపు దగ్గరే తచ్చాడాడు. మేనేజరుగారు గ్లవ్సు తొడుక్కున్నారు బావా. మీ వాచీకి గ్లవ్సు తొడుక్కున్నారు. డయలు చూశారు, అంచు చూశారు, చెవి దగ్గర పెట్టుకున్నారు. మా గాజుపెట్టెలోది తెప్పించి పక్కన పెట్టుకున్నారు. గీతలు రెండు చోట్ల కాస్త ఎడంగా ఉన్నాయన్నారు. చెబుతున్నాను, మీరు ఎలాగూ అడుగుతారు.

తర్వాత వెనక్కి తిప్పారు. "ఇదేమిటి, వెనక ఇలా వంకరగా చేశాడు?" అని కంటికి భూతద్దం బిగించుకుని, పైకి చదివారు. "బామ్మర్ది, ఎడమ."

చొక్కా చెయ్యి పైకి లాగి, నా చెయ్యి ఆయన ముందు పెట్టాను. ఇన్నాళ్లూ దాచిన చెయ్యి. వాచీ పెట్టుకున్నాను. ఒరగలేదు. జారలేదు. చెయ్యి దులిపాను, కిందికి వేలాడేశాను, అక్కడే ఉంది. మేనేజరుగారు తలుపు వైపు చూసి "లోపలికే వచ్చి చూడండి" అని టైపిన్నుని పిలిచారు. టైపిన్ను వచ్చి చూసి, "నాకోటి చేస్తారేమో అడుగు" అన్నాడు. నీ చెయ్యి ముందు విరగాలి అన్నాను.

మేనేజరుగారు తీర్పు చెప్పారు. పేరు లేదు కాబట్టి గొడవ లేదు. కానీ కంపెనీ వాచీ కానిది షోరూములో చేతికి ఉండకూడదు, ఇంట్లో పెట్టుకోమన్నారు. షోరూము వాచీ ఇకనుంచి కుడి చేతికి పెట్టుకోమన్నారు. "ముందే చెబితే ముందే ఒప్పుకునేవాణ్ణి కదయ్యా" అన్నారు. ఇంత సులువని తెలియక ఎన్ని చొక్కాల చేతులు సాగదీశానో.

కుర్చీ మాత్రం టైపిన్నుకే వెళ్లింది. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. కిందటి నెల అతను నాకంటే ఎక్కువ అమ్మాడు, న్యాయంగానే వెళ్లింది. ఆ రోజు సాయంత్రం కాస్త దిగులేసింది. గదికి వచ్చి మీ వాచీ పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి చేతికి ఏదో ఉందన్న సంగతే మర్చిపోయి టైమెంతైందా అని గోడ వైపు చూశాను. మీరు పళ్ల గురించి చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది. బావా, మిమ్మల్ని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు చేసింది దొంగది కాదు. నా దగ్గరున్న వస్తువుల్లో ఇంత నిజంగా నాదైనది ఇంకొకటి లేదు.

అలాగని మీ అంచనా పూర్తిగా కుదిరిందని మురిసిపోకండి. బొటనవేలి వైపు ఒకచోట గుచ్చుకుంటోంది. నీలం కాయితం పెట్టి నొక్కాను, కందిగింజంత మచ్చ పడింది. కొత్త మేనేజరుగా టైపిన్ను పెట్టిన మొదటి సంతకం నా సెలవు చీటీ మీదే. ఈ ఉత్తరం ఇవాళ రాత్రి బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపిస్తున్నాను, నేను రేపు పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. కిటికీ పక్కన చోటు దొరికితే నేనూ అక్కలాగే నిద్రపోకుండా వస్తాను.

మచ్చ చెరిగిపోతుందేమోనని ఎడమ చెయ్యి కడగడం మానేశాను. అక్కకి ముందే చెప్పి ఉంచండి, గుమ్మంలోనే తిట్టకుండా. చొక్కా రాసుకున్నా పోతుందేమో, అందుకని దారి పొడుగునా చెయ్యి పైకి మడిచే కూర్చుంటాను. ఎవరైనా చూస్తే చూడనీ.

మీ
బామ్మర్ది, ఎడమ